లెవెలింగ్ కొడితే 41 రోజులు వస్తోంది, 35కి దింపే సెర్చ్ పద్ధతి ఏదైనా ఉందా?

షట్‌డౌన్_చార్ట్
థర్మల్ యూనిట్ ఓవర్‌హాల్ ప్లాన్ ఇది. మొత్తం 118 పనులు. ఈఓటీ క్రేన్ (పైన పట్టాల మీద నడిచే కరెంటు క్రేన్) ఒకటి, హెచ్‌పీ (హై ప్రెషర్ పైపుల) వెల్డర్లు 8 మంది, ఫిట్టర్లు 14 మంది, ఎన్‌డీటీ (కోయకుండా జాయింట్లు పరీక్షించే) టీములు 2. మనుషుల లెక్క పక్కన పెట్టి ఏ పని తర్వాత ఏది అన్నదొక్కటే చూస్తే క్రిటికల్ పాత్ 27 రోజులు. ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో రిసోర్స్ లెవెలింగ్ (ఉన్న మనుషులు, యంత్రాలు సరిపోయేలా పనుల్ని జరపడం) కొడితే 41. ప్రయారిటీ మారిస్తే 43, ఇంకోటి పెడితే 42. పైవాళ్ళేమో 35లో ముగించమంటున్నారు. ఆ బటన్ లోపల అసలు ఏమైనా వెతుకుతోందా? పైథాన్ వచ్చు, సొంతంగా రాసుకోగలను. ఎక్కడ మొదలుపెట్టాలి?

లెఫ్ట్‌షిఫ్ట్
చాలా సాఫ్ట్‌వేర్లలో ఆ బటన్ వెతకదు. ఒక ప్రయారిటీ రూల్ ప్రకారం పనుల్ని వరసపెట్టి, ఒక్కోదాన్నీ తీసి ఖాళీ దొరికిన చోట పెట్టుకుంటూ పోతుంది. ఒక్క పాస్, ఒక్క షెడ్యూల్, అంతే. రూల్ మారిస్తే వేరే షెడ్యూల్ వస్తుంది కాబట్టే నీకు 41, 42, 43 కనపడ్డాయి. నీ సమస్య పేరు ఆర్‌సీపీఎస్‌పీ, అంటే పరిమిత రిసోర్సులతో ప్రాజెక్టు షెడ్యూల్ కట్టడం. ఎన్‌పీ-హార్డ్ (సైజు పెరిగేకొద్దీ బెస్ట్‌ని వేగంగా తేల్చే పద్ధతి ఎవరికీ తెలియని రకం) అని బ్లాజెవిచ్, లెన్‌స్ట్రా, రిన్నూయ్ కాన్ 1983లోనే తేల్చారు. ఒక్క పాస్‌తో మంచిది దొరికితే అదృష్టమే.

గోదారి_గ్రాఫ్
సెర్చ్ సంగతి తర్వాత. ముందు లోయర్ బౌండ్ కట్టు, అంటే ఇంతకంటే తక్కువ రోజుల్లో ఎలాగూ కాదనే అంకె. 35 అసలు సాధ్యమో కాదో తెలియకుండా నెల రోజులు కోడ్ రాసుకుంటూ కూర్చుంటావు. వెల్డర్ల పని మొత్తం కలిపితే ఎన్ని మనిషి-రోజులు?

షట్‌డౌన్_చార్ట్
వెల్డర్లది 246. ఫిట్టర్లది 340 దాకా ఉంది.

గోదారి_గ్రాఫ్
ఫిట్టర్లు 340/14, 25 రోజుల్లోపే. వాళ్ళతో ఇబ్బంది లేదు. వెల్డర్లు 246/8 = 30.75, అంటే 31. క్రిటికల్ పాత్ 27 కంటే ఇది ఎక్కువ, అంటే నీ ప్రాజెక్టుని నడిపేది వెల్డర్లే. ఇక్కడితో ఆగకు. వెల్డింగ్ మొదటి రోజునే మొదలవదు కదా, యూనిట్ చల్లారాలి, పరంజా కట్టాలి. చివరి జాయింట్ అయ్యాక కూడా హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడి పరీక్ష), బాక్సప్ (మళ్ళీ మూసెయ్యడం) ఉంటాయి. ఆ రెండూ ఎన్ని రోజులు?

షట్‌డౌన్_చార్ట్
ముందు 3, వెనక 4.

గోదారి_గ్రాఫ్
31 + 3 + 4 = 38. మరి 35 ఎక్కడ నుంచి వస్తుంది?

సున్నా_ఫ్లోట్
@గోదారి_గ్రాఫ్ గారూ, ఆ 38 తొందరపాటు. ముందు 3, వెనక 4 అనేది వెల్డర్ల పనులన్నిటికీ వర్తిస్తేనే కూడొచ్చు. డక్టుల ప్యాచ్ వెల్డింగ్ లాంటివి మొదటి రోజే మొదలెట్టొచ్చు, చివర్లోనూ చేయొచ్చు. అలాంటివి తీసేసి మిగిలిన వాటికే మనిషి-రోజులు లెక్కగట్టాలి.

షట్‌డౌన్_చార్ట్
అలాంటివి 14 మనిషి-రోజులు ఉన్నాయి. మిగతా అన్నిటికీ ముందు కనీసం 3, వెనక కనీసం 4 తప్పవు.

సున్నా_ఫ్లోట్
అయితే 232/8 = 29. 29 + 3 + 4 = 36. ఇది గట్టి బౌండ్. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా, ఎవరు వేసినా 8 మంది వెల్డర్లతో 36 కంటే తక్కువ రాదు. 35 అడిగిన వాళ్ళకి ఈ మూడు అంకెలే చూపించు. 9వ వెల్డర్ దొరికితే 232/9 పైకి సర్దితే 26, మొత్తం 33. అప్పుడు 35 గురించి మాట్లాడొచ్చు.

గోదారి_గ్రాఫ్
అవును, ఇదే సరైన లెక్క. 36 పెట్టుకుందాం. ఈ కిటుకుని అన్ని రిసోర్సులకీ వేరువేరు హెడ్ (ముందు తప్పని రోజులు), టెయిల్ (వెనక తప్పని రోజులు) విలువలతో నడిపించి పెద్దది తీసుకోవాలి. క్రేన్‌కి కూడా కట్టు, ఒక్కటే ఉంది కాబట్టి.

రెండో_షిఫ్టు
41కి, 36కి మధ్య 5 రోజులు. వెతకడానికి చోటు ఉంది. సీపీ-శాట్‌లో (గూగుల్ వాళ్ళ ఉచిత సాల్వర్) పెట్టెయ్, అర పూటలో తేలిపోతుంది. మిగతా చర్చ అక్కర్లేదు.

లెఫ్ట్‌షిఫ్ట్
@రెండో_షిఫ్టు బ్రో, సాల్వర్‌కి పోయినా షెడ్యూల్ తయారయ్యే తీరు తెలియకపోతే మోడల్ తప్పుపెడతారు. ముందు ఇది చూడండి.

లిస్టు నుంచి షెడ్యూల్ కట్టే పద్ధతులు రెండు. సీరియల్‌లో, లిస్టులో తర్వాతి పని తీసుకుని, దాని ముందు పనులు ముగిశాక రిసోర్స్ దొరికే తొలి చోట పెడతారు. పారలల్‌లో, గడియారాన్ని ముందుకు జరుపుకుంటూ, ఆ క్షణంలో మొదలెట్టగలిగింది ఏదున్నా ఆపకుండా మొదలెట్టేస్తారు. 

చిన్న ఉదాహరణ. వెల్డర్లు ఇద్దరు. పరంజా 1 రోజు, వెల్డర్లు అక్కర్లేదు. అది అయ్యాక హెడర్ జాయింట్లు, 4 రోజులు, ఇద్దరూ కావాలి. ఆ తర్వాత టెస్టు, ఇన్సులేషన్ కలిపి 5 రోజులు, వెల్డర్ అక్కర్లేదు. వీటితో సంబంధం లేకుండా డక్టు ప్యాచ్, 5 రోజులు, ఒక వెల్డర్, మధ్యలో ఆపకూడదు.

పారలల్: 0వ క్షణంలో పరంజా మొదలు, వెల్డర్ ఖాళీ కాబట్టి డక్టు కూడా మొదలు. డక్టు 5కి ముగుస్తుంది. అప్పటిదాకా హెడర్‌కి ఇద్దరు దొరకరు. హెడర్ 5 నుంచి 9, టెస్టు 9 నుంచి 14. మొత్తం 14. ప్రయారిటీ ఏది పెట్టినా 14 తప్పదు, ఎందుకంటే 0లో డక్టుకి పోటీ ఎవరూ లేరు.

సీరియల్, లిస్టులో డక్టు చివర: పరంజా 0–1, హెడర్ 1–5, టెస్టు 5–10, డక్టు 5–10. మొత్తం 10. క్రిటికల్ పాత్ కూడా 10, అంటే ఇదే బెస్ట్.

వెల్డర్‌ని ఒక రోజు ఊరికే నిలబెట్టడమే లాభం ఇక్కడ. పారలల్ పద్ధతికి ఆ ఓపిక లేదు. దాని సెర్చ్ స్పేస్‌లో బెస్ట్ షెడ్యూల్ లేకపోవచ్చు. సీరియల్ స్పేస్‌లో మాత్రం ఒక్కటైనా తప్పకుండా ఉంటుంది.

షట్‌డౌన్_చార్ట్
మా సైటులో జరిగేది అచ్చం ఇదే. ఖాళీగా కనపడ్డ వెల్డర్‌ని ఏదో ఒక పనికి తోసేస్తారు.

ఓఆర్_పిచ్చి
పారలల్‌ని మరీ తీసిపారెయ్యొద్దు. కోలిష్ 1996లో పోల్చి చూపించింది ఏంటంటే, ఒక్క పాస్‌కో, కొద్ది శాంపిల్స్‌కో అయితే పారలల్ తరచూ నయం. ఎక్కువసార్లు వెతికే వీలుంటే సీరియల్ పైకొస్తుంది. వేలల్లో పనులున్న ప్రాజెక్టుకి పారలల్ ఇప్పటికీ పనికొస్తుంది. హార్ట్‌మన్ 2002లో రాసిన జెనెటిక్ అల్గారిథమ్‌లో (జీఏ: మంచి లిస్టుల్ని కలిపి, కాస్త మార్చి, తరతరానికీ మెరుగుపరిచే సెర్చ్) ఏ పద్ధతి వాడాలో చెప్పే ఒక జీన్ కూడా పెట్టి, ఎన్నిక దానికే వదిలేశాడు.

సున్నా_ఫ్లోట్
@లెఫ్ట్‌షిఫ్ట్ చూపించిన ఆ 14 రోజుల షెడ్యూల్‌ని కొత్త లిస్టు లేకుండానే బాగుచేయొచ్చు. డబుల్ జస్టిఫికేషన్. వాల్స్, బయెస్టిన్, కింతనియా 2005లో దీని మీదే ఒక పేపర్ రాశారు.

మొదటి దెబ్బ కుడివైపుకి: చివర ముగిసేదాని నుంచి మొదలెట్టి, ప్రతి పనినీ 14 దాటకుండా ఎంత వెనక్కి జరిపితే అంత జరుపు. టెస్టు 9–14 కదలదు. హెడర్ 5–9 కదలదు. డక్టు 9–14కి పోతుంది, అక్కడ వెల్డర్లు ఖాళీ. పరంజా 4–5కి పోతుంది.

రెండో దెబ్బ ఎడమవైపుకి: ముందు మొదలయ్యేదాని నుంచి. పరంజా 0–1, హెడర్ 1–5, టెస్టు 5–10, డక్టు 5–10. 14 కాస్తా 10 అయింది.

మొత్తం రోజులు ఎప్పటికీ పెరగవు, తగ్గితే తగ్గుతాయి. కోడ్ కూడా కొత్తగా రాయక్కర్లేదు, సీరియల్ పద్ధతినే ముందువెనకల బాణాలు తిప్పేసి ఒకసారి, మామూలుగా ఒకసారి నడపడమే. ఖర్చు మాత్రం ఒక్కో షెడ్యూల్‌కి ఇంకో రెండు. పద్ధతుల్ని పోల్చేటప్పుడు మూడుగా లెక్కపెట్టాలి, లేకపోతే అన్యాయం.

మెరక_వీధి
ఇంత చిన్న కిటుకు సాఫ్ట్‌వేర్ల వాళ్ళు ఎందుకు పెట్టరో!!

షట్‌డౌన్_చార్ట్
సరే, సీరియల్ రాస్తాను. మరి లిస్టులు ఎక్కడ నుంచి తేవాలి? రాండమ్‌గానా?

లెఫ్ట్‌షిఫ్ట్
ఊరికే రాండమ్ వద్దు, వంపు ఉన్న రాండమ్ కావాలి. లేటెస్ట్ ఫినిష్ టైమ్ (ప్రాజెక్టు ఆలస్యం కాకుండా ఆ పని ముగియాల్సిన ఆఖరి గడువు) తక్కువున్న పని ముందు, అదే రూల్. తక్కువ రోజుల పని ముందు అనే రూల్ చూడ్డానికి బాగుంటుంది కానీ ఈ సమస్యలో దాని పనితనం నాసిరకం.

లెక్క ఇలా. ఇప్పుడు ఎంచుకోడానికి మూడు పనులున్నాయి, వాటి లేటెస్ట్ ఫినిష్ 12, 15, 20. అన్నిట్లో పెద్దది 20 లోంచి ఒక్కోదాన్నీ తీసెయ్: 8, 5, 0. ఒకటి కలుపు: 9, 6, 1. మొత్తం 16. కాబట్టి మొదటిది 9/16, రెండోది 6/16, మూడోది 1/16 అవకాశంతో తీస్తావు. ఆ ఒకటి కలపకపోతే మూడోది ఎప్పటికీ ముందుకు రాదు. దీన్నే రిగ్రెట్ ఆధారిత శాంపిలింగ్ అంటారు. పదును పెంచాలంటే 9, 6, 1లని ఘాతానికి ఎత్తుకోవచ్చు.

ఓఆర్_పిచ్చి
వాటినే మొదటి తరంగా తీసుకుని హార్ట్‌మన్ 1998 జీఏ పెట్టు. పాపులేషన్ 40, మ్యుటేషన్ 0.05. క్రాసోవర్ రెండు పాయింట్లది: మొదటి ముక్క తల్లి లిస్టులోంచి యథాతథంగా, మధ్య ముక్క తండ్రి లిస్టు వరసలో ఇంకా రాని పనులు, చివరి ముక్క మళ్ళీ తల్లి వరసలో మిగిలినవి. ఇద్దరి లిస్టుల్లోనూ ముందువెనకలు సరిగ్గా ఉంటే పిల్ల లిస్టులో కూడా సరిగ్గానే ఉంటాయి, విడిగా రిపేర్ కోడ్ అక్కర్లేదు. మ్యుటేషన్‌లో పక్కపక్క పనుల్ని మార్చేటప్పుడు మాత్రం రెండోది మొదటిదాని మీద ఆధారపడిందేమో చూడాలి.

సున్నా_ఫ్లోట్
ఇక్కడ చాలామంది ఇరుక్కునే చోటు ఒకటుంది. పక్కపక్క పనుల్ని మార్చినా చాలాసార్లు అదే షెడ్యూల్ వస్తుంది, ఎందుకంటే ఆ రెండూ రిసోర్స్ కోసం కొట్లాడుకోవు. లిస్టు వేరు, షెడ్యూల్ ఒకటే. సెర్చ్ తిరుగుతున్నట్టు కనిపిస్తుంది కానీ ఉన్నచోటే ఉంటుంది. మందు ఏంటంటే, షెడ్యూల్ కట్టాక లిస్టుని మొదలయ్యే టైముల వరసలో తిరగరాయడం. అప్పుడు ఒకే షెడ్యూల్ పది వేషాల్లో పాపులేషన్ నింపేయదు. రాండమ్ కీల (ఒక్కో పనికి ఒక అంకె ఇచ్చి వరస తేల్చడం) కంటే పనుల లిస్టు నయమనడానికి కూడా ఈ వేషాల గోలే పెద్ద కారణం.

రెండో_షిఫ్టు
నేను మళ్ళీ అదే మాట అంటాను. 118 పనులకి ఇదంతా ఎందుకు? జీఏ 37 ఇచ్చినా అదే చివరిదో కాదో చెప్పలేదు. సీపీ-శాట్ కింది నుంచి బౌండ్ కూడా పెంచుకుంటూ వస్తుంది. ఒక్కో పనికి ఒక ఇంటర్వల్ వేరియబుల్ (మొదలు, నిడివి, ముగింపు), వెల్డర్లకీ ఫిట్టర్లకీ ఎన్‌డీటీకీ ఒక్కో క్యుములేటివ్ (ఏ క్షణంలోనూ ఉన్నదాన్ని మించి వాడకూడదనే షరతు), క్రేన్‌కి నో-ఓవర్‌ల్యాప్ (ఒకేసారి రెండు పనులు వద్దనే షరతు). చివరి పని ముగింపుని తగ్గించమను. యాభై లైన్ల కోడ్.

ఓఆర్_పిచ్చి
సైజు ఒక్కటే చూడొద్దు బ్రో. పీఎస్‌పీలిబ్‌లో (ఈ సమస్యకి పరీక్ష ఉదాహరణల భాండారం) జే120 అంటే 120 పనుల ఉదాహరణలు 600, అందులో ఇప్పటికీ ఆప్టిమల్ తేలనివి చాలా ఉన్నాయి. 30 పనుల జే30 సెట్‌లో 480కి 480 ఎప్పుడో తేలిపోయాయి. కష్టం ఎక్కడుందంటే, రిసోర్స్ బిగుతుగా ఉండి ప్రతి పనీ ఒకటికి మించి రిసోర్సులు అడిగే చోట. 118 పనులున్నా క్రిటికల్ పాతే నడిపించే ప్రాజెక్టు క్షణాల్లో తేలుతుంది. ఇక్కడ 27కి 36 బౌండ్ వచ్చిందంటే బిగుతు బాగానే ఉంది.

రెండో_షిఫ్టు
ఒప్పుకుంటాను. కానీ జే సెట్లలో తెరిచి ఉన్నవి చాలా మూసింది కూడా సీపీ-శాట్ లోపలుండే లేజీ క్లాజ్ పద్ధతే కదా, షట్, ఫైడీ, స్టకీ, వాలెస్‌ల పని. గోడకి కొట్టుకున్న ప్రతిసారీ ఎందుకు కొట్టుకున్నామో ఒక క్లాజ్‌గా రాసుకుని, మళ్ళీ అటు పోదు. 1992 నాటి డెమ్యులమీస్టర్, హెరూలన్ బ్రాంచ్ అండ్ బౌండ్‌కి (కొమ్మలుగా విడదీసి, పనికిరాని కొమ్మల్ని కొట్టేసే సెర్చ్) దీనికి తేడా అక్కడే.

మెరక_వీధి
ఎంఐపీ (పూర్ణాంకాలతో లీనియర్ మోడల్) ఎవరూ అనలేదేం? లైసెన్స్ ఉంటే వాడుకోవచ్చుగా.

గోదారి_గ్రాఫ్
బిగ్-ఎమ్ (పెద్ద స్థిరాంకంతో షరతుల్ని ఆన్-ఆఫ్ చేసే) మోడల్ వద్దు. 'ఇది ముందా, అది ముందా' అన్న 0-1 వేరియబుల్‌కి రిలాక్సేషన్‌లో (భిన్నాలు కూడా ఒప్పుకునే సడలింపు) సగం విలువ ఇచ్చేసి రెండు పనుల్నీ ఒకేసారి నడుపుతుంది, బౌండ్ 27 దగ్గరే కూర్చుంటుంది. ప్రిట్స్కర్, వాటర్స్, వుల్ఫ్ 1969 నాటి టైమ్-ఇండెక్స్‌డ్ మోడల్ (ప్రతి పనికీ ప్రతి సమయానికీ ఒక వేరియబుల్) నయం, కానీ సగం రోజు యూనిట్ పెడితే 41 రోజులకి 118 × 82 = 9,676 వేరియబుల్స్. గంటల్లోకి దిగితే 118 × 984, లక్షా పదహారు వేలు దాటుతాయి. టైమ్ యూనిట్ ఎంత సన్నగా కోస్తే అంత బరువు.

పాల్వంచ_రిగ్గర్
లెక్కలు మీరు చూసుకోండి గానీ, క్రేన్ సంగతి ఎవరూ సరిగ్గా అడగలేదు. @షట్‌డౌన్_చార్ట్ తమ్ముడూ, రోటర్ పనికి క్రేన్‌ని మూడు రోజులూ రాశావా?

షట్‌డౌన్_చార్ట్
రాశాను అన్నా. పని 3 రోజులు, క్రేన్ 1.

పాల్వంచ_రిగ్గర్
అక్కడే పోతోంది. రోటర్ ఎత్తడానికి ఒక పూట, దించడానికి ఒక పూట. మధ్యలో అది స్టాండ్ మీద ఉంటుంది, క్రేన్ ఖాళీ. ఒకే ముహూర్తానికి పది పెళ్ళిళ్ళకి ఒప్పుకున్న పురోహితుడు ప్రతి ఇంట్లో విందు అయ్యేదాకా కూర్చోడు, మాంగల్యధారణ చూసి తర్వాతి పందిరికి పరుగెడతాడు. క్రేన్ కూడా అంతే. పనిని మూడు ముక్కలు చెయ్: ఎత్తడం, పని, దించడం. మొదటిదానికీ మూడోదానికీ మాత్రమే క్రేన్ రాయి. ఒకటి గుర్తుపెట్టుకో, ఎత్తిన రోటర్ పెట్టే లే-డౌన్ ఏరియా మాత్రం మూడు రోజులూ ఆక్రమించి ఉంటుంది. ఆ జాగాని కూడా ఒక రిసోర్స్‌గా రాయాలి. లేకపోతే కాగితం మీద రెండు రోటర్లు ఒకే చోట కూర్చుంటాయి.

సున్నా_ఫ్లోట్
ఇది ఏ అల్గారిథమ్ మార్పు కంటే పెద్ద మాట. జాగాకి ఎత్తడం మొదలు నుంచి దించడం ముగిసేదాకా సాగే ఇంకో ఇంటర్వల్ పెట్టాలి. దాని నిడివి స్థిరం కాదు, వేరియబుల్. దించడం ఆలస్యమైతే జాగా కూడా అంతసేపు నిండే ఉంటుంది. సీపీ-శాట్‌లో ఇది సులువు. సీరియల్ పద్ధతిలో కష్టం, ఎందుకంటే ఎత్తేటప్పుడు జాగా ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలియదు. @ఓఆర్_పిచ్చి, ఈ ఒక్కచోట నేను @రెండో_షిఫ్టు పక్షం.

రెండో_షిఫ్టు
ఇంకో మూడు జాగ్రత్తలు చెప్తా, వీటి దగ్గరే మోడళ్ళు చెడతాయి.

సెలవు రోజుని 'అన్ని రిసోర్సులూ నిండిపోయిన డమ్మీ పని'గా పెడతారు. అప్పుడు ఏ పనీ ఆదివారం మీదుగా సాగలేదు, శనివారం మొదలెట్టాల్సిన 3 రోజుల పని సోమవారానికి పోతుంది. అందరికీ ఒకే సెలవైతే ఆ రోజుని టైమ్‌లోంచే కత్తిరించెయ్, చివర్లో తేదీలకి మార్చుకో. అదే కొన్ని రోజులు 8 బదులు 6గురే వెల్డర్లు వస్తారనుకో, అప్పుడు 2 అడిగే డమ్మీ పని సరైనదే.

సగం రోజులుంటే అన్నిటినీ రెండుతో గుణించు, దశాంశాలు తీసుకోదు.

హొరైజన్‌ని (షెడ్యూల్ సాగగల గరిష్ఠ పొడవు) 200 రోజులని వదిలేయకు. చేతిలో ఉన్న 41 పెట్టు, ఆ షెడ్యూల్‌నే హింట్‌గా ఇవ్వు. జీఏ, జస్టిఫికేషన్‌తో 38 వస్తే 38 ఇవ్వు. అక్కడ మీ పద్ధతికీ నా పద్ధతికీ గొడవ లేదు.

మెరక_వీధి
8 మంది వెల్డర్లలో ఎవరు ఏ జాయింట్‌కి అన్నది మోడల్‌లో పెట్టక్కర్లేదా?

గోదారి_గ్రాఫ్
అందరిదీ ఒకే నైపుణ్యమైతే వద్దు. ఏ రోజూ 8 దాటకపోతే మొదలయ్యే వరసలో ఖాళీ ఉన్నవాళ్ళకి ఇచ్చుకుంటూ పోతే ఎప్పుడూ సరిపోతుంది. పేర్లు మోడల్‌లో పెడితే అదే షెడ్యూల్‌ని మనుషుల్ని మార్చి లక్షసార్లు వెతుకుతుంది. ముగ్గురికే ప్రత్యేక క్వాలిఫికేషన్ ఉంటే ఆ ముగ్గుర్ని ఇంకో క్యుములేటివ్‌గా చేర్చు, మొత్తం 8లో కూడా లెక్కించు.

షట్‌డౌన్_చార్ట్
రోటర్లు, వాల్వులు మూడు ముక్కలు చేశాను, లే-డౌన్ ఏరియా చేర్చాను. శాంపిలింగ్, డబుల్ జస్టిఫికేషన్‌తోనే 38 వచ్చింది. దాన్ని హింట్‌గా ఇస్తే సీపీ-శాట్ 37 ఇచ్చింది. బౌండ్ మాత్రం 36 దగ్గర ఆగిపోయింది, కదలడం లేదు.

సున్నా_ఫ్లోట్
తగ్గించమని అడగడం మానెయ్. హొరైజన్‌ని 37కి ఒక్క సగం రోజు తక్కువకి బిగించి, ఆబ్జెక్టివ్ తీసేసి, 'ఇందులో పడుతుందా లేదా' అని మాత్రం అడుగు. ప్రతి పనికీ కిటికీ ఇరుకవుతుంది, ప్రొపగేషన్‌కి (కుదరని సమయాల్ని కొట్టేసే లెక్కకి) పట్టు దొరుకుతుంది. పడదని తేలితే 37 ఆప్టిమల్. దీన్ని డిస్ట్రక్టివ్ బౌండ్ అంటారు, క్లైన్, షోల్ 1999.

షట్‌డౌన్_చార్ట్
73 సగం రోజుల్లో పడదని తేల్చింది. అంటే 8 మందితో 37 కంటే తగ్గదు. 9 మందితో పెట్టి చూస్తే 34 వచ్చింది. ఆ రెండు చార్టులూ పక్కపక్కన పెట్టి పంపుతున్నాను. ఇక ఒక్కటే అడుగుతాను. బాయిలర్ తెరిచాక ట్యూబుల మందం చూసి ఇంకో ఇరవై జాయింట్లు చేర్చారనుకోండి, మొత్తం మళ్ళీ మొదటి నుంచేనా?

లెఫ్ట్‌షిఫ్ట్
అయిపోయినవీ, నడుస్తున్నవీ ఉన్నచోట బిగించు. మిగిలినవాటికి పాత షెడ్యూల్‌లో మొదలయ్యే వరసే కొత్త లిస్టు. కొత్త జాయింట్లని లేటెస్ట్ ఫినిష్ చూసి మధ్యలో దూర్చి, సీరియల్, ఆ తర్వాత జస్టిఫికేషన్. సెకన్లలో చేతికొస్తుంది. ఆ రాత్రికి సాల్వర్‌ని దాని మీద వదులు.

ఓఆర్_పిచ్చి
ఇంకోటి. ఒక పని ముందే ముగిసిందని, ఖాళీ అయిన వెల్డర్లని సైటులో వెంటనే వేరే పనికి ఎక్కించనివ్వకు. పనుల నిడివి తగ్గినా లిస్టు షెడ్యూల్ మొత్తం పొడుగవ్వొచ్చని గ్రాహమ్ 1966లోనే చూపించాడు. @లెఫ్ట్‌షిఫ్ట్ చెప్పిన డక్టు ప్యాచ్ గుర్తుందిగా, అదే తంతు. ఎక్కించే ముందు ఆ మార్పుతో లిస్టుని ఒకసారి నడిపి చూడు.

పాల్వంచ_రిగ్గర్
క్రేన్ టైములు ముందురోజు సాయంత్రానికి మాకు పంపు తమ్ముడూ. స్లింగులు, షాకిళ్ళు తీసి పెట్టుకోడానికే పూట పడుతుంది, అది నీ చార్టులో లేదు.

షట్‌డౌన్_చార్ట్
చేరుస్తాను అన్నా. ప్రతి ఎత్తడానికి ముందు సగం రోజు, రిగ్గర్లు రిసోర్స్‌గా. మీ గ్యాంగులు ఎన్నో చెప్పు.

పాల్వంచ_రిగ్గర్
రెండు.